ముప్పై నిమిషాల సర్కారు వాన

ఒక భవనం బాగుందో లేదో అందులో ఉండేవాళ్లకు తెలియదు. బయట నిలబడి చూసేవాళ్లకే తెలుస్తుంది. ఈ సత్యాన్ని భవనారోగ్య విభాగం వారు 2004లో కనిపెట్టి, నలభై రెండు గడుల ఫారం రూపంలో ప్రజలకు అందించారు. (అంతకుముందు ప్రజలు తమ కప్పుల గురించి సొంత అభిప్రాయాలతో కాలం వెళ్లబుచ్చేవారు.)

ఫారం పేరు 'భవన బాహ్యకవచ స్థితి మదింపు పత్రం'. బాహ్యకవచం అంటే గోడల బయటి ముఖం, కప్పు పైభాగం, మూసిన తలుపులో మనకు కనిపించే వైపు. దీన్ని చూడటానికి ఒక బాహ్యకవచాధికారి ఉంటారు. గోడకు అవతలి పక్క ఏం జరుగుతోందో చూడటానికి అంతర్గత తేమ అధికారి అని ఇంకొకరు ఉంటారు. ఒకరి వైపు ఇంకొకరు చూడరాదు. స్లాబు మందం నాలుగున్నర అంగుళాలైతే పై రెండుంపావు అంగుళాలు మొదటివారివి, కింది రెండుంపావు రెండోవారివి. మధ్యలో ఉన్న నీటి చుక్క ఎవరిదన్న విషయం మీద హైదరాబాదుకు రాశారు. జవాబు రావలసి ఉంది.

ఇవేవీ తెలియక హేమలత అనే ఏఎన్నెం మూడేళ్లు అవస్థ పడింది. ఆమెది ఎర్రుపాలెం. ఉద్యోగం దమ్మపేట దాటాక, అడవి అంచున, పాలవాగు తండా సబ్‌సెంటర్లో. రెండు గదులు, ఒక వరండా, ఎదురుగా బోరింగు. రెండు గదుల్లో ఒకటి కాన్పుల గది. అందులో ఒకే బల్ల. కప్పు కారేది సరిగ్గా ఆ బల్ల మీదికే. బల్లను జరుపుదామంటే నాలుగు కాళ్లూ గచ్చులోకి సిమెంటుతో బిగించి ఉన్నాయి. (ఎవరూ ఎత్తుకుపోకుండా.)

2004 శ్రావణంలో, తండాలోని రూప్లి కూతురు పూలికి తొలి కాన్పు ఆ బల్ల మీదే అయింది. బయట ఎంత వానో లోపల ఇంచుమించు అంత వాన. రూప్లి గొడుగు పట్టుకుని నిలబడింది. గొడుగు కూతురికి పట్టాలా, పుట్టబోయే బిడ్డకు పట్టాలా, ఇద్దర్నీ చూస్తున్న నర్సుకు పట్టాలా అన్నది ఆమెకు చివరిదాకా తేలలేదు. తడిసిన పసిపాప మర్నాటికి ఊపిరాడక డొక్కలెగరేసింది. దమ్మపేట దవాఖానాకు తీసుకుపోదామంటే వాగు చప్టా మీద నడుంలోతు నీళ్లు. రెండు రోజులు హేమలత ఆ పిల్లను రొమ్ముకు ఆనించుకుని, చీర కొంగు చుట్టుకుని కూర్చుంది. పిల్ల బతికింది. ఎట్లా బతికిందో రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

ఆ వారమే హేమలత విభాగానికి మొదటి ఉత్తరం రాసింది. బాహ్యకవచం వారు త్వరగానే స్పందించారు: 'సదరు కప్పును రోడ్డు మీద నుంచి పరిశీలించగా తడిగా కనిపించలేదు.' అంతర్గత తేమ వారూ ఆలస్యం చేయలేదు: 'నీరు లోపల పడుతున్నప్పటికీ బయలుదేరుతున్నది బయట నుంచి కనుక, బయలుదేరిన చోటనే విచారించుకోగలరు.' ఏడాది తర్వాత ఇద్దరూ కలిసి ఒక మెట్టు దిగారు. ఉమ్మడి తనిఖీకి ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. కప్పు కారుతుండగా ఇద్దరు అధికారులూ అక్కడ ఉండాలి.

వాన పడితే వాగు పొంగి జీపు రాదు. వాన లేకపోతే జీపు వస్తుంది, కప్పు కారదు. ఆ విధంగా రెండు వర్షాకాలాలు ఉమ్మడి తనిఖీ అన్ని ఏర్పాట్లతో సిద్ధంగా ఉండి, జరగకుండా గడిచాయి.

2007 మే నెలలో విభాగానికి సంపత్ అనే కొత్త బాహ్యకవచాధికారి వచ్చాడు. ముప్పై దాటని వయసు, మడత నలగని చొక్కా, నిబంధనల పుస్తకం మీద నిజమైన ప్రేమ. ఆ పుస్తకంలో ఎవరూ తెరవని పుటలో పద్నాలుగు (బి) ఆయనకు దొరికింది: 'సహజ వర్షం అందుబాటులో లేని చోట ముప్పై నిమిషాల కృత్రిమ వర్షం కురిపించవచ్చును. ఇట్టి పరీక్ష ఒక భవనానికి ఏడాదికి ఒక్కసారి మాత్రమే. మధ్యలో ఆగినచో చెల్లదు.'

అలా ఒక మంగళవారం పొద్దున పది గంటలకు, రోళ్లు పగిలే ఎండలో, జీపు వచ్చి సబ్‌సెంటర్ ముందు ఆగింది.

"నమస్తే సిస్టర్. వాన కురిపించడానికి వచ్చాం," అన్నాడు సంపత్.

ఆయన వెనకాల జీపు దిగిన పెద్దమనిషి అంతర్గత తేమ అధికారి మొండయ్య. రిటైరు కావడానికి రెండేళ్లుంది. బొగ్గుబాయి కార్మికుల ఇంట్లో పుట్టినవాడు. తండ్రి ముప్పై ఏళ్లు భూమి కింద పనిచేశాడు. పైకప్పు కూలడం అంటే ఏమిటో మొండయ్య చదువుకోకముందే విన్నాడు. అందుకే ఏ గదిలోకి పోయినా ముందు తల పైకెత్తి చూసేవాడు, మనుషుల్ని తర్వాత పలకరించేవాడు.

నీళ్లెవరు మోయాలన్నది పుస్తకంలో లేదు కనుక తండావాళ్లు మోశారు. ఆడవాళ్లు బోరింగు కొట్టి బిందెలు నింపారు. మగవాళ్లు నిచ్చెన మీదుగా పైకి అందించారు. కప్పు మీద నిలబడి పోసే బాధ్యత రూప్లి పెనిమిటి బద్యా తీసుకున్నాడు. బిందెతో ఒక్కసారి కుమ్మరిస్తే అది వాన కాదని, వరద అని సంపత్ అభ్యంతరం చెప్పాడు. అప్పుడు బద్యా ఇంటికి పోయి వడ్ల జల్లెడ తెచ్చాడు. సంపత్ దాన్ని తిప్పి చూసి, చిల్లులు లెక్కపెట్టి, సంతృప్తి పడ్డాడు.

ఈలోగా ఆయన భవనం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి సగం గడులు నింపేశాడు. ఏడో గడి 'గోడ నిటారుగా ఉన్నదా?' దానికి మూడు జవాబులిచ్చారు: అవును, కాదు, ప్రయత్నిస్తున్నది. ఆయన మూడోదానికి టిక్కు పెట్టాడు.

పదకొండుంపావుకు సంపత్ గొడుగు తెరుచుకుని కప్పెక్కాడు. గడియారం చూసి, "కానివ్వండి," అన్నాడు. జల్లెడలోంచి వాన మొదలైంది. సరిగ్గా అప్పుడే తండా వైపు నుంచి రూప్లి, ఒక చేత్తో కూతురు పూలిని నడుం దగ్గర పట్టుకుని, ఇంకో చేత్తో సబ్‌సెంటర్ వైపు సైగలు చేస్తూ వచ్చింది.

"నర్సమ్మా, జల్దీ! పొద్దుగాల్నుంచి నొస్తాందని చెప్పనే లేదు గీ పిల్ల. ఇప్పుడు నిలబడస్తలేదు."

హేమలత పూలిని లోపలికి తీసుకుపోయి చూసింది. రెండో కాన్పు, బాగా ముందుకొచ్చేసింది. జీపులో ఎక్కించి దమ్మపేట పంపితే చప్టా దాటకముందే అయిపోతుంది. కాన్పుల గదిలో బల్ల మీద అప్పటికే టపటపా నీళ్లు పడుతున్నాయి. ఆమె బయటికొచ్చి తలెత్తింది.

"సార్, ఆపండి. లోపల కాన్పు వచ్చింది."

"శుభం," అన్నాడు సంపత్ గొడుగు కింద నుంచి. "ఆపమంటే ఆపుతాను సిస్టర్. కానీ ఆపితే ఈ ఏటి పరీక్ష అయిపోయినట్టే. మళ్లీ వచ్చే మే నెల."

ఆయన బెదిరించలేదు. బాధపడుతూనే చెప్పాడు. పుస్తకంలో ఉన్నది అదే.

హేమలత పైకి చూసింది. జల్లెడ పట్టుకున్న బద్యా ఆమె మొహంలోకే చూస్తున్నాడు. తన బిడ్డ నొప్పులు పడుతున్న గది మీద తానే నీళ్లు పోస్తున్నాడు. ఆమె మనసులో వచ్చే జూన్ ఉంది. ఆ తర్వాత వచ్చే శ్రావణం ఉంది. తండాలో ఇప్పుడు కడుపుతో ఉన్న ఇంకో ఆరుగురు ఉన్నారు.

"పొయ్యి బద్యా," అంది. "ఆపకు."

లోపలికి పోయి తలుపు చేరవేసి, మూలన పొడిగా ఉన్న చోట చాప పరిచి పూలిని పడుకోబెట్టింది. బల్ల మీద బకెట్టు పెట్టింది.

కాన్పుల గదిలోకి మగవాళ్లు పోరు. అంతర్గత తేమ అధికారి మాత్రం అంతర్గతంగా ఉండాలి. మొండయ్య ఈ చిక్కును తనకు తోచినట్టు విప్పుకున్నాడు. వరండాలో బెంచీ మీద, తలుపుకు వీపు పెట్టి, అడవి వైపు తిరిగి కూర్చున్నాడు. కొలతలు నర్సు చెబితే తాను రాసుకోవచ్చునని ఫారం వెనక ఉంది. ఐదు నిమిషాలు ఆగి, మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"సిస్టర్, ఎంతసేపటికొకసారి వస్తాంది?"

అడిగిందెవరో చూసే తీరిక హేమలతకు లేదు. పూలి వాళ్లెవరో ఆత్రపడుతున్నారనుకుంది.

"రెండు నిమిషాలకొకసారి!"

మొండయ్య రాసుకున్నాడు: చుక్కల వేగం, రెండు నిమిషాలకు ఒకటి.

"వస్తే ఎంతసేపుంటాంది?"

"యాభై సెకన్లు!"

మొండయ్య కలం ఒక్క క్షణం ఆగింది. ఒక చుక్క యాభై సెకన్లపాటు పడటం ఆయన తన సర్వీసులో చూడలేదు. అయినా రాశాడు. గడి నింపడం వరకే ఉద్యోగం, నమ్మడం అందులో భాగం కాదు.

"సందు ఎంత వెడల్పున్నది సిస్టర్?"

లోపల పూలి "యాడీ!" అని తల్లిని పిలుస్తూ అరుస్తోంది. ఆ అరుపులో సగం ప్రశ్నే హేమలతకు వినబడింది.

"ఎనిమిది సెంటీమీటర్లు తెరుచుకుంది! ఇంకాసేపట్లో మొత్తం తెరుచుకుంటుంది!"

మొండయ్య లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు విన్నవన్నీ ఒక్కసారి చెవుల్లో పడ్డాయి. వరండా దిగి కప్పు వైపు అరిచాడు.

"సంపత్ సార్! దిగుండ్రి! స్లాబు ఎనిమిది సెంటీమీటర్లు తెరుసుకున్నదట!"

"లేదండీ," అన్నాడు సంపత్ పైనుంచి. "పగులు పక్కనే నిలబడ్డాను. రెండు మిల్లీమీటర్లు."

"లోపల్నుంచి ఎనిమిది అంటున్నరు సార్!"

"లోపలి కొలత నాకు చెప్పకండి మొండయ్య గారూ. నిబంధన ఆరు."

మొండయ్య నిబంధన ఆరును గౌరవించి వరండా ఎక్కాడు. ఫారంలో ఎనిమిది వేశాడు. అంతలో లోపల్నుంచి మళ్లీ కేక.

"పది! పది వచ్చేసింది! రూప్లీ, గట్టిగా పట్టుకో. వచ్చేస్తోంది!"

మొండయ్య ఆ పదిని కూడా ఎట్లా రాశాడో రాశాడు. ఫారం చంకలో పెట్టుకుని ముంగిట్లోకి పరిగెత్తి, బోరింగు దగ్గరున్న ఆడవాళ్లను దూరం జరగమన్నాడు. బద్యాను దూకమన్నాడు. ఎవరూ కదల్లేదు. కప్పు కూడా కదల్లేదు. లోపల పసిపిల్ల ఏడ్చింది.

ఆ ఏడుపు వినగానే మొండయ్యకు ఎనిమిది ఏమిటో, పది ఏమిటో, యాభై సెకన్లు ఏమిటో వరసగా అర్థమయ్యాయి. ముగ్గురు పిల్లల తండ్రి. బెంచీ మీద కూలబడి ఫారం చూసుకున్నాడు. అంతా సిరాతో ఉంది. అడుగున అచ్చులో ఇంకో మాట కూడా ఉంది: 'కొట్టివేతలున్న పత్రము చెల్లదు.'

పైన బద్యా చేతిలో జల్లెడ వంకరపోయింది. "ఏందే? ఎవలే?" అని అరిచాడు.

"ఆడపిల్ల!" అంది రూప్లి లోపల్నుంచి. "మంచిగున్నది! తల్లీ మంచిగున్నది!"

బద్యా జల్లెడ కింద పెట్టి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. చెమటో, నీళ్లో, ఇంకేదైనానో.

"సంతోషం," అన్నాడు సంపత్. నిజంగానే సంతోషించాడు. "ఇంకా నాలుగు నిమిషాలుంది."

బద్యా ఆయన వైపు చూశాడు. కిందనుంచి హేమలత గొంతు వచ్చింది. అలసిపోయిన గొంతు. "పొయ్యి బద్యా. ఇంత దాకా వచ్చినాక ఆపొద్దు."

బద్యా పోశాడు. ఎంత మెల్లగా పోయవచ్చునో అంత మెల్లగా పోశాడు. అయినా అప్పటికే నీళ్లు స్లాబు కింద పాకి మూలకు కూడా చేరాయి. రూప్లి మనవరాలిని పూలి పొట్ట మీద పెట్టి, ఇద్దరి మీదా అడ్డంగా వంగింది. ఆ నాలుగు నిమిషాల వానా ఆమె వీపు మీద పడింది. (ఆమె వీపు ఏ విభాగం పరిధిలోకీ రాదు.)

మొండయ్య సిగ్గుతో, ఏదో ఒకటి చేయాలని, బోరింగు దగ్గరికి పోయి కాచే నీళ్ల కోసం బిందె నింపిస్తున్నాడు. పావు తక్కువ పన్నెండుకు సంపత్ కప్పు దిగాడు. బెంచీ మీద సహోద్యోగి ఫారం కనిపించింది. వెనక పుటలో చివరి గడి ఖాళీగా ఉంది: 'పరీక్ష ముగిసే సమయానికి కారుట కొనసాగుచున్నదా?' అది కొలత కాదు కనుక నిబంధన ఆరు అడ్డురాదని, సాయం చేద్దామనుకున్నాడు. తలుపు దగ్గరికి పోయి అడిగాడు.

"సిస్టర్, కారడం ఆగిందా?"

హేమలత అప్పుడు పూలి రక్తస్రావమే చూస్తోంది. కాన్పులో ఆమె భయపడేది ఆ ఒక్కదానికే.

"ఆగింది సార్," అంది, గుండె నిండా ఊపిరి వదులుతూ. "ఇక ఏం కారట్లేదు. పూర్తిగా ఆగిపోయింది."

సంపత్ రాసి, ఫారం మడిచి యథాస్థానంలో పెట్టాడు.

టీ తాగేటప్పుడు మొండయ్య హేమలతను పక్కకు పిలిచాడు. ఫారం ఆమె ముందుకు జరిపాడు.

"తప్పు జరిగింది సిస్టర్. మీరు పిల్ల సంగతి చెప్తాంటే నేను కప్పు సంగతి అనుకున్న. మాఫ్ చెయ్యుండ్రి. ఇప్పుడు కొట్టేస్తే కాయితం చెల్లదు. మళ్లా ఏడాది."

హేమలత చదివింది. 'రంధ్రం వెడల్పు: పది సెంటీమీటర్లు.' పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది. ఆమె ఎంత గట్టిగా నవ్విందంటే చాప మీద పూలి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది.

"ఉండనివ్వండి సార్. రెండు మిల్లీమీటర్లంటే మూడేళ్లు ఎవరూ రాలేదు. పది సెంటీమీటర్లంటే ఎల్లుండే మేస్త్రీని పంపుతారు."

"అవ్," అన్నాడు మొండయ్య, ఆలోచించి. "గదీ నిజమే."

ఆమె సంతకం పెట్టింది. పుట తిప్పి వెనక చూడాలని ఇద్దరికీ తోచలేదు. ఆ సాయంత్రానికే తండా అంతా తెలిసిపోయింది, కొత్త కప్పు వస్తోందని. మర్నాడు బద్యా కప్పెక్కి, మేస్త్రీలకు అడ్డం లేకుండా ఆకులన్నీ ఊడ్చాడు.

జూన్ రెండో వారంలో మేస్త్రీ రాలేదు. ఒక బోర్డు వచ్చింది. ముందుగోడకు బిగించి పోయారు. దాని మీద 'ఏ' గ్రేడు అని ఉంది. వెంట వచ్చిన ఉత్తరం ఇలా ఉంది:

'పరీక్షలో పది సెంటీమీటర్ల వరకు తెరుచుకున్న రంధ్రము, పరీక్ష ముగియునప్పటికి ఎవరి ప్రమేయమూ లేకుండా పూర్తిగా మూసుకుపోయినట్లు సంబంధిత సిస్టర్ స్వయంగా ధ్రువీకరించి సంతకము చేసియున్నారు. సదరు కప్పు తనను తాను మాన్పుకొను గుణము కలిగియున్నందున మరమ్మతు అనవసరము.'

మూడో రోజు వాన పడింది. కప్పు బల్ల మీద, మూలన, మందుల బీరువా మీద కారింది. రూప్లి వచ్చి చూసి, ఇంట్లో మిర్చి ఆరబోసుకునే పట్టా తెచ్చి కప్పు మీద పరిపించింది. వాగు తగ్గగానే విభాగం జీపు వచ్చి ఆ పట్టా తీయించింది. 'ఏ' గ్రేడు బాహ్యకవచాన్ని కప్పిపుచ్చరాదు.

మొండయ్య జరిగింది జరిగినట్టు రాసి పై అధికారులకు పంపాడు. తప్పు తనదేనని, కప్పు కారుతోందని, తన పెన్షన్ ఆపినా సరే కప్పు మాత్రం వేయించాలని రాశాడు. ఆయనకు నోటీసు వచ్చింది. పురుష అధికారి అయి ఉండి కాన్పు వివరాలు సేకరించినందుకు సంజాయిషీ చెప్పమన్నారు.

హేమలత కూడా రాసింది. ఈసారి చాలా సాదా భాషలో రాసింది. ఆ కొలతలు కప్పువి కావు, కాన్పువి. తెరుచుకున్నది కప్పు కాదు. ఆగింది వాన నీళ్లు కాదు. ఆ రోజు ఆ గదిలో తాను చేసింది ఒక్క ప్రసవం మాత్రమే. తండాలో కడుపుతో ఉన్న ఆరుగురిలో ఇద్దరికి శ్రావణంలోనే నెలలు నిండుతాయి, దయచేసి కప్పు చూడండి.

ఆ ఉత్తరాన్ని విభాగం వారు ఎంతో శ్రద్ధగా చదివారనడానికి, పది రోజుల్లోనే వచ్చిన ఈ జవాబే రుజువు:

'సదరు కప్పు కారుట ఆగిపోవుటకు తమరు అవలంబించిన పద్ధతి ప్రసవమని తెలియవచ్చినది. సంతోషము. తదుపరి ప్రసవము ఏ తేదీన చేయుదురో ముందుగా తెలియజేసినచో, ఆ తేదీన కప్పు మరమ్మతు పూర్తయినట్లు నమోదు చేసుకొనగలము.'